అంగన్‌వాడీ పళ్లెం దాకా వెళ్లి చూడటం: గ్రామ తనిఖీ బృందాలు తరచుగా అడిగే ప్రశ్నలు

తెలంగాణలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట సంపూర్ణ భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి పథకం 2015 జనవరి 1న మొదలైంది. అది అనుకున్నట్టే అందుతోందా అని చూడటానికి ఊరివాళ్లే బయల్దేరుతుంటారు. మహిళా సంఘం వాళ్లు, వార్డు మెంబర్లు, డిగ్రీ చదివి ఇంటి దగ్గరున్న పిల్లలు ఇందులో ఉంటారు. ఇలాంటి బృందాలతో కొన్నాళ్లు తిరిగాను. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు, నాకు తోచిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

రిజిస్టర్‌లో సంతకాలన్నీ ఉన్నాయి. ఇంక మేం చూడాల్సింది ఏముంది?

సంతకాలు ఉన్నాయంటే సంతకాలు ఉన్నాయనే అర్థం. ఒక సెంటర్‌లో రిజిస్టర్ తిరగేస్తుంటే ఆ నెలంతా నూటికి నూరు శాతం హాజరు కనిపించింది. సద్దుల బతుకమ్మ రోజున కూడా. ఆ రోజు సెంటర్‌కు తాళం వేసి ఉందని ఊరంతటికీ తెలుసు. టీచర్‌ను నిలదీస్తే ఆమె దాచలేదు. "సెక్టార్ మీటింగ్‌ల హాజరు తక్కువైతే అందరి ముందట లేపి నిలబెడ్తరు మేడమ్, అందుకే నింపిన" అంది. (సెక్టార్ అంటే ఒక సూపర్‌వైజర్ కింద ఉండే కొన్ని సెంటర్ల గుంపు.) తిండి మాత్రం మిగతా రోజుల్లో బాగానే పెడుతోందని ఆ తర్వాత ఇళ్లకు వెళ్లినప్పుడు తెలిసింది. రిజిస్టర్ అబద్ధం, వంట నిజం. దీనికి తిరగేసిన కేసులూ చూశాను: రాత ముత్యాల్లా ఉంటుంది, పప్పు నీళ్లలా ఉంటుంది.

కాబట్టి రిజిస్టర్ చూడండి. మొదట కాదు, చివర్లో చూడండి. ముందు వంటగది, తర్వాత పళ్లెం, తర్వాత ఇళ్లు. ఆ మూడూ చూశాక రిజిస్టర్ తెరిస్తే అది మీతో వేరేలా మాట్లాడుతుంది.

'అనుకున్నట్టు' అంటే సరిగ్గా ఏమిటి?

ఇది తెలియకుండా వెళ్లకండి. ఒక తల్లికి ఒక రోజుకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 16 గ్రాముల నూనె, కూరగాయలో ఆకుకూరో, ఒక ఉడికించిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. భోజనం నెలకు కనీసం 25 రోజులు, గుడ్డు, పాలు 30 రోజులు. భోజనం అయ్యాక ఐరన్ మాత్ర అక్కడే మింగాలి. ఒక తల్లికి రోజంతా కావలసిన శక్తిలో, మాంసకృత్తుల్లో 40 నుంచి 45 శాతం ఈ ఒక్క పూటలో అందాలన్నది ఈ లెక్క వెనకున్న ఆలోచన.

ఏడు నెలల పిల్లల నుంచి మూడేళ్ల వాళ్ల దాకా ఇంటికిచ్చేది వేరు. నెలకు రెండున్నర కిలోల బాలామృతం (పసిపిల్లలకు కలిపి పెట్టే పోషకాహార పొడి) ప్యాకెట్, గుడ్లు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు సెంటర్‌లోనే వంట. ఈ మూడు గుంపులనూ ఒకే కాగితం మీద కలిపి రాస్తే చివరికి ఏదీ తేలదు. మూడు కాగితాలు పెట్టుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో పథకాల పేర్లు, కొలతలు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి. అక్కడి మిత్రులు తమ జిల్లాలో ఈ నెల అమల్లో ఉన్న ఉత్తర్వు చేతపట్టుకునే వెళ్లాలి. పాత కొలతతో కొత్త వంటను కొలిస్తే టీచర్ ముందు మనమే చిన్నబోతాం.

సరుకులు ఇంటికిస్తే పోయేదానికి అక్కడే కూర్చుని తినాలని ఎందుకు పెట్టారు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే పథకంలో ఏది ముఖ్యమో, ఏది కాదో తెలిసిపోతుంది. అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

అంగన్‌వాడీలను తెచ్చిన కేంద్ర పథకం ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైంది. అప్పటి నుంచి దశాబ్దాల పాటు గర్భిణులకు చాలా చోట్ల ఇచ్చింది ఇంటికి తీసుకెళ్లే పొడి సరుకే. ఆ పొడి ఇంటికి చేరాక ఏమవుతుందో మన ఇళ్లలో పెరిగిన ఎవరికైనా తెలుసు. ముందు పిల్లలకు, తర్వాత అత్తామామలకు, తర్వాత మొగుడికి. గిన్నె అడుగున మిగిలితే కోడలికి. కొన్ని ఇళ్లలో గేదె దాణాలో కలిసింది. ఎవరూ దుర్మార్గులు కారు. ఇంట్లో పది నోళ్లుంటే ఒక్క నోటికి వేరుగా తీసిపెట్టడం మన దగ్గర అలవాటు లేదు, గర్భిణి తానే అలా తీసుకోదు.

ఆ దారి మూయడానికే భోజనాన్ని సెంటర్‌కు తెచ్చారు. అక్కడ ఆమె పళ్లెం ఆమెదే. గుడ్డు ఆమె నోట్లోకే పోతుంది. మాత్ర టీచర్ ఎదుటే మింగుతుంది. పైగా రోజూ వచ్చే మనిషి ముఖం పాలిపోయినా, కాళ్లు వాచినా ఎవరో ఒకరి కంట పడుతుంది.

అంటే పథకానికి ప్రాణం 'ఆమే తినడం'లో ఉంది. కూర సొరకాయా బీరకాయా అన్నది ప్రాణం కాదు. చాప మీద కూర్చున్నారా బెంచీ మీదా అన్నదీ కాదు. తనిఖీ కాగితంలో ఈ రెండు రకాలకూ ఒకే బరువిచ్చి మార్కులు వేస్తే గోడకు రంగు బాగున్న సెంటర్‌కు మొదటి ర్యాంకు వస్తుంది. అలా వచ్చిన ర్యాంకులు చూశాను కూడా.

నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో తల్లులు టిఫిన్ బాక్సులో కట్టించుకుని పోతున్నారు. దాన్ని తప్పు కింద రాయాలా?

ప్రతి బృందంలోనూ దీని మీద గొడవ జరుగుతుంది, జరగాలి కూడా.

నియమం ప్రకారం తప్పే. కానీ కూలికి పోయే మనిషి పొద్దున ఏడింటికి ఊరు దాటుతుంది, పొద్దుగూకాక వస్తుంది. మధ్యాహ్నం పన్నెండింటికి సెంటర్‌కు రమ్మంటే ఆ రోజు కూలి పోతుంది. ఆమె ముందున్నవి రెండే దారులు: బాక్సులో తీసుకెళ్లడం, లేదా అసలు తినకపోవడం. ఒక తండాలో టీచర్, ఆయా కలిసి ఆ రెండు నెలలు వంట ముందుకు జరిపారు. పొద్దున్నే గుడ్డు, పాలు సెంటర్‌లోనే పెట్టి, మాత్ర మాత్రం భోజనం తర్వాత వేసుకొమ్మని ఇచ్చి, అన్నం కూర బాక్సులో కట్టారు. ఇంట్లో వాళ్లకు పంచిపెట్టే వీలున్న గుడ్డు, పాలు అక్కడే కడుపులో పడ్డాయి. చేనులో బాక్సు ఆమే తింటుంది. కాగితం మీద అది నియమోల్లంఘనే. నాకు మాత్రం పథకం ఉద్దేశం తెలిసిన పనిలా కనిపించింది.

అదే పని ఇంకో చోట చూడండి. సెంటర్ ఊరి మధ్యలో ఉంది, తల్లి ఇంటి దగ్గరే ఉంది, అత్త వచ్చి గిన్నెలో వేయించుకుని పోతోంది. చూడటానికి రెండూ 'పార్సిలే'. రెండోదాంట్లో పథకం ప్రాణం పోయింది.

అందుకని 'తప్పు', 'ఒప్పు' అన్న రెండు గడుల కాగితం పనికిరాదు. మార్పు ఏమిటి, ఎందుకు చేశారు, ఎన్నాళ్లు, చివరికి తిన్నదెవరు అని నాలుగు మాటల్లో రాయండి. ఆ మార్పు సెక్టార్ సూపర్‌వైజర్‌కు చెప్పి చేశారా లేదా అన్నదీ రాయండి. చెప్పి చేసిన మార్పు రేపు పక్క ఊరికి పనికొస్తుంది. దాచి చేసిన మార్పు, మంచిదైనా, ఆ టీచర్ బదిలీతో పోతుంది.

వంటగదిలో ఏం చూడాలి?

వంట మొదలుపెట్టక ముందే చేరుకోండి. ఉడికిన పప్పు చూసి ముప్పై గ్రాములో ఇరవయ్యో ఎవరూ చెప్పలేరు. పది మంది తల్లులుంటే కిలోన్నర బియ్యం, 300 గ్రాముల పప్పు తీయాలి. ఆయా ఏ గ్లాసుతో కొలుస్తుందో అడిగి, ఆ గ్లాసుడు పప్పు ఒకసారి తూకం వేయండి. ఎక్కువ చోట్ల మోసం ఉండదు, గ్లాసు మారి ఉంటుంది. పాతది సొట్టపోతే ఇంటి నుంచి ఇంకోటి తెచ్చుకుంటారు, కొలత దానితో పాటు మారిపోతుంది. ఎవరూ గమనించరు.

గుడ్డును నీళ్లలో వేయండి. తాజాది అడుగున పడుకుంటుంది, పాతది మొన మీద నిలబడుతుంది, తేలిందంటే తీసి పారేయాల్సిందే. పాల ప్యాకెట్ మీద తేదీ చూడండి. ఒక లీటరు ప్యాకెట్ అయిదుగురికి రావాలి, ఏడుగురికి పోస్తుంటే ఎక్కడో తగ్గినట్టే. నూనె, పప్పు బస్తాల్లో ఉన్న నిల్వ, స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న నిల్వ పోల్చండి. తేడా వస్తే వెంటనే దొంగతనం అనేయకండి. సరుకు ఎప్పుడు దిగింది, గుడ్ల కాంట్రాక్టర్ ఎన్ని ట్రేలు దింపి ఎన్నింటికి సంతకం పెట్టించుకున్నాడు, అది ముందు అడగండి. నెలకు మూడు విడతలు రావాల్సిన గుడ్లు ఒకే విడతలో వస్తే చివరి పది రోజుల గుడ్లు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

చెప్పి వెళ్లాలా, చెప్పకుండా వెళ్లాలా?

ఊళ్లో చెప్పకుండా వెళ్లడం అనేది లేదు. మీరు బస్సు దిగేసరికి సెంటర్‌కు ఫోన్ వెళ్లి ఉంటుంది. మీరు ఆ ఊరి వాళ్లే అయితే ఇంకా తేలిక, రోజూ ఆ దారినే పోతుంటారు. వారంలో వేర్వేరు రోజుల్లో, ముఖ్యంగా సోమవారం, శనివారం, పండుగ మర్నాడు వెళ్లి చూడండి.

ఏ ఇళ్లకు వెళ్లాలి? ఎన్ని ఇళ్లు?

టీచర్ తీసుకెళ్లే ఇళ్లకు మాత్రం కాదు. జాబితాలో పేర్లన్నీ చీటీలు రాసి తీయండి. తీశాక కూడా ఊరి చివరి వాడ, తండా, సెంటర్‌కు దూరంగా పొలాల్లో ఉండే కుటుంబాలు అందులో వచ్చాయో లేదో చూసుకోండి. ఆగిపోవడం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. ఇటుక బట్టీలకో పట్నానికో వలస పోయి తిరిగొచ్చిన గర్భిణులు జాబితాలోనే ఉండరు. వాళ్ల పేర్లు ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతాయి. ఆమె జాబితా, అంగన్‌వాడీ జాబితా పక్కపక్కన పెడితే తేడా అదే బయటపడుతుంది.

ఒక సెంటర్ పరిధిలో గర్భిణులు, బాలింతలు కలిపి పది పదిహేను మందే ఉంటే అందరినీ కలవడమే మేలు. సెక్టార్ మొత్తం చూడాలంటే ఆరోగ్య రంగంలో చాలా దేశాల్లో వాడే ఒక చిట్కా ఉంది: 19 మంది. చీటీలు తీసి 19 మందిని అడుగుతారు. నూటికి 80 మందికి అందాలన్నది లక్ష్యమైతే 19లో కనీసం 13 మంది 'అందింది' అనాలి. పన్నెండే వచ్చాయంటే ఆ సెక్టార్ మీద దృష్టి పెట్టాలి. సరిగ్గా ఎంత శాతమో ఈ లెక్క చెప్పదు. ఎక్కడికి ముందు పరుగెత్తాలో చెబుతుంది, మనకు కావలసిందీ అదే.

తల్లులను ఎలా అడగాలి? అందరూ 'అంతా మంచిగుంది' అంటున్నారు.

అంటారు. రేపు మళ్లీ ఆ టీచర్ దగ్గరికే పోవాలి కదా. పైగా మీ చేతిలో కాగితం, పెన్ను చూస్తే ఏదో ఆఫీసు నుంచి వచ్చారనుకుంటారు.

"భోజనం బాగుందా?" అని అడిగితే జవాబు ఒక్కటే వస్తుంది. "నిన్న సెంటర్ల ఏం కూరమ్మా?" అని అడగండి. పక్కింటామెనూ అదే అడగండి. ఒకరు టమాట పప్పు అని, ఇంకొకరు పాలకూర అని అంటే ఇద్దరిలో ఒకరు నిన్న పోలేదు. మొన్న ఏం తిన్నారని అడిగినా గుర్తుంటుంది, పోయిన వారం అంటే గుర్తుండదు. గుడ్డు ఎప్పుడు తిన్నారు, పాలు వేడిగా ఉన్నాయా చల్లగానా, ఇంటికి ఏమైనా తెచ్చారా. ఇలా చేతికి తగిలే ప్రశ్నలే వేయండి. అత్త పక్కన కూర్చుంటే అత్తతో బృందంలో ఒకరు మాటల్లో పడండి, ఇంకొకరు కోడలితో మాట్లాడండి. ఇది కొంచెం నాటకమే, కానీ పని చేస్తుంది.

బాలామృతం గురించైతే ప్యాకెట్ చూపించమనండి. ఇరవయ్యో తారీఖున ప్యాకెట్ సీలు కూడా తీయకుండా అటక మీద ఉంటే పిల్ల తింటోందా లేదా అని వేరే అడగక్కర్లేదు. ఎందుకు తినడం లేదో అడగాలి. తీపి నచ్చలేదా, కలపడం తెలియదా, విరేచనాలయ్యాయా?

మగవాళ్లు బృందంలో ఉండొచ్చా?

ఉండొచ్చు. తూకాలు, స్టాకు, కాంట్రాక్టర్ లెక్కలు వాళ్లు చూడొచ్చు. ఇళ్లలో గర్భిణులతో మాటలు ఆడవాళ్లకే వదిలేయండి.

పిల్లల బరువు, ఎత్తు లెక్కలు నమ్మవచ్చా?

నమ్మే ముందు రెండు పరీక్షలు చేయండి. ఒకటి, యంత్రానికి. సీలు తీయని బాలామృతం ప్యాకెట్‌ను తూకం మీద పెట్టండి, రెండున్నర కిలోలకు దగ్గరగా చూపాలి. ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపాలి. రెండోది, రాతకు. బరువుల చివరి అంకెలు చూస్తూ పోండి: 9.0, 10.5, 8.5, 11.0, 9.5... నిజంగా తూచితే 9.3, 10.7 లాంటివీ అంతే తరచుగా రావాలి. పేజీ నిండా సున్నాలు, అయిదులే ఉంటే ఆ నెల పిల్లలు త్రాసు ఎక్కలేదు, టీచర్ కంటిచూపుతోనే బరువులు తేలాయి.

ఎత్తు ఇంకా కష్టం. రెండేళ్లు నిండని పిల్లలను పడుకోబెట్టి కొలవాలి, నిండినవాళ్లను నిలబెట్టి. ఇద్దరు మనుషులు కావాలి. ఆయా పొయ్యి దగ్గర ఉంటే టీచర్ ఒక్కతే గింజుకునే పిల్లాణ్ని ఎలా కొలుస్తుంది? పోయిన నెల కంటే ఈ నెల పొట్టైపోయిన పిల్లలు రికార్డుల్లో కనిపిస్తే నవ్వుకోకండి, కొలిచే రోజు రెండో మనిషి లేరని రాయండి. దండచేతి చుట్టుకొలత టేపు తేలిక. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డకు 11.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే అది తీవ్ర లోపపోషణ. అలాంటి బిడ్డ కనబడితే తనిఖీ పక్కన పెట్టి ఏఎన్‌ఎమ్‌కు (ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సుకు) కబురు చేయండి.

పోషణ్ ట్రాకర్ యాప్ ఉంది కదా, ఇంక మనుషులెందుకు?

అంగన్‌వాడీ లెక్కలు ఫోన్‌లో నమోదు చేసే ఈ కేంద్ర ప్రభుత్వ యాప్ 2021 మార్చిలో వచ్చింది. దానివల్ల ఏ సెంటర్ తెరిచారు, ఎంతమంది నమోదయ్యారు అన్నవి ఢిల్లీకి కూడా కనిపిస్తాయి. ఇంటికిచ్చే సరుకుకు ముఖ గుర్తింపు కూడా వచ్చింది. అయితే ముఖం చెప్పేది ఎవరు తీసుకున్నారని మాత్రమే. ఎవరు తిన్నారో కెమెరాకు తెలియదు. సిగ్నల్ లేని తండాలో టీచర్ గుట్టెక్కి ఫోన్ పట్టుకుని నిలబడే గంట, పిల్లలకు పాటలు చెప్పాల్సిన గంట. తనిఖీలో ఆ గంట కూడా రాయండి.

టీచర్ మమ్మల్ని చూడగానే బెదిరిపోతోంది. ఏం చేయాలి?

బెదరక ఏం చేస్తుంది? వచ్చినవాళ్లంతా తప్పు రాసుకుని పోయేవాళ్లే. మొదటిరోజు ఏమీ రాయకండి. కూర్చుని, ఆమె పని ఎన్ని గంటలకు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చూడండి. గ్యాస్ బండ అయిపోతే డబ్బు ఎవరు పెడుతున్నారు, కూరగాయల బిల్లు ఎన్ని నెలలుగా రాలేదు, అద్దె ఇంట్లో సెంటర్ నడుస్తుంటే అద్దె ఎవరిస్తున్నారు అని అడగండి. బిల్లు ఆగిన నెలల్లో కూర పలచబడితే అది ఆమె లోపం కాదు. నివేదికలో ఆ రెండు విషయాలనూ ఒకే వాక్యంలో రాయాలి. విడివిడిగా రాస్తే పైకి వెళ్లేటప్పటికి 'కూర పలచగా ఉంది' మాత్రమే మిగులుతుంది.

నిజంగా దొంగతనం ఉంటే? ఉంటుంది, లేదనను. రుజువుతో రాయండి, గ్రామసభలో చెప్పండి. పనిలో లోపాన్ని, దొంగతనాన్ని మాత్రం ఒకే మాటతో పిలవకండి.

అన్నీ అనుకున్నట్టే అందాయి. అయినా బరువులు పెరగలేదు. మా తనిఖీ తప్పా?

కాకపోవచ్చు. తమిళనాడులో 1980లో మొదలైన పోషణ ప్రాజెక్టు మంచి పేరు తెచ్చుకుంది. అదే తీరులో బంగ్లాదేశ్‌లో 1995లో మొదలుపెట్టిన పథకం అంతగా ఫలించలేదు. ప్రపంచ బ్యాంకు మూల్యాంకనం కారణాలు వెతికితే, తల్లులకు బోధించిన మాటలు తల్లుల దగ్గరే ఆగిపోయాయని తేలింది. బజారుకు వెళ్లేది మగవాళ్లు. వంటింటి పెత్తనం అత్తగారిది. పథకం వాళ్లతో మాట్లాడలేదు. పైగా సెంటర్‌లో తిన్నందుకు ఇంట్లో తిండి తగ్గించిన కుటుంబాలూ ఉన్నాయి.

మన దగ్గరా అడగండి: "సెంటర్ల తిన్న రోజు ఇంట్ల ఏం తింటవ్?" అని. 'సెంటర్ల తిన్నవు గదా' అని ఇంట్లో పొద్దుటి అన్నం మానేస్తుంటే, పథకం పెట్టింది ఒక చేత్తో వచ్చి ఇంకో చేత్తో పోయినట్టే.

ఇంకో చిన్న సంగతి. పాలలోని కాల్షియం ఐరన్ ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది. భోజనం, పాలు, మాత్ర అన్నీ ఒకే కూర్చోవడంలో అయిపోతే రిజిస్టర్ పక్కాగా ఉంటుంది, రక్తం మాత్రం అంతగా పెరగదు. కొన్ని సెంటర్లలో రాగానే పాలు ఇచ్చి, మాత్ర చివర్లో ఇస్తారు. నియమం పాటించారా అని చూడటంతో పాటు, ఆ నియమాన్ని పాటిస్తే పని జరుగుతోందా అని కూడా చూసేవాళ్లు కావాలి. పై అధికారులకు చెప్పాల్సిన విషయాల్లో ఇదీ ఒకటి.

మాకు అడిగే హక్కు ఉందా? ఎవరైనా 'మీరెవరు' అంటే?

జాతీయ ఆహార భద్రత చట్టం, 2013 చూపించండి. 28వ సెక్షన్ సామాజిక తనిఖీ గురించి, 29వది నిఘా కమిటీల గురించి చెబుతుంది. రికార్డులు జనానికి అందుబాటులో ఉంచాలని 27వ సెక్షన్ అంటుంది. రావాల్సిన ఆహారం రాకపోతే భత్యం చెల్లించాలని 8వ సెక్షన్ చెబుతుంది. ఫిర్యాదు జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, అక్కడ తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు. కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇది మన తెలుగువాళ్లకు కొత్త కూడా కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాని మీద సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టిక) బయట చదివి వినిపిస్తే చచ్చిపోయినవాళ్ల పేర్లు కూలికి వెళ్లినట్టు బయటపడిన ఊళ్లున్నాయి. తాతయ్య పేరు విని నవ్విన మనవలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, అంగన్‌వాడీ రిజిస్టర్ కూడా వాళ్లే చదవగలరు.

గ్రామసభలో ఎలా చెప్పాలి?

తల్లుల పేర్లు చదవకండి. ఎవరి రక్తం ఎంతో, ఎవరి బిడ్డ బరువు ఎంతో మైకులో చెప్పే హక్కు మనకు లేదు. 'ఫలానా వాడలో ఆరుగురిలో నలుగురికి పాలు అందలేదు' అంటే చాలు. పెద్ద బొమ్మలు, చార్టులు వద్దు. ఒక గిన్నెలో రావాల్సిన పప్పు, ఇంకో గిన్నెలో వచ్చిన పప్పు తూచి పక్కపక్కన పెట్టండి. తర్వాత ఎవరు ఏం చేస్తారో, ఏ తేదీలోపో అక్కడే రాయించి, సర్పంచ్‌తో, టీచర్‌తో సంతకాలు పెట్టించండి.

మళ్లీ ఎప్పుడు వెళ్లాలి?

ఒప్పుకున్న తేదీకి మర్నాడు. పూర్తి తనిఖీ ఏడాదికి రెండుసార్లు చాలు, ఒకటి నాట్లప్పుడు, ఒకటి ఎండాకాలంలో. మధ్యలో మాత్రం ఎవరో ఒకరు వారానికోసారి పోయి, ఆయా వాడే ఆ గ్లాసు మారిందేమో చూసి వస్తుండాలి.